ఉమ్మడి అరలో మంచు చప్పుడు

పొయ్యి ఆర్పానో లేదో అని రోజుకు నాలుగుసార్లు చూసుకునే మనిషిని నేను. అదే భయంతో రోజూ పొద్దున్నే కంప్యూటర్ తెరిచి, మా అమ్మాయి తిల్దా దాచుకున్న ఫోల్డర్ ఉందా లేదా అని కూడా చూస్తాను. ఆ బుధవారం ఫోల్డర్ ఉంది. అందులో ఉండవలసిన ఫైలు లేదు.

"మంచు 1" నుంచి "మంచు 6" దాకా వరసగా ఉన్నాయి. "మంచు 7 పూర్తి" అన్నదే లేదు. ముందురోజు సాయంత్రం తిల్దా నా భుజం మీద గడ్డం ఆనించి, "అయిపోయిందమ్మా. ఏడోది. పేరు పక్కన 'పూర్తి' అని కూడా రాశా. రేపు పన్నెండుకల్లా డ్యూటీ నుంచి వచ్చి పంపేస్తా," అంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే.

పంపడానికి గడువు ఆ మధ్యాహ్నం మూడు గంటలు. మూడు దాటి ఒక్క నిమిషమైతే కంప్యూటరే తలుపు మూసేస్తుందట, బతిమాలుకోవడానికి మనిషి కూడా ఉండడు. హెల్సింకీలో శబ్దాల చదువు అది. ఏడాదికి పన్నెండు మందిని తీసుకుంటారు. పోయినేడాది మా పిల్లకు రాలేదు. ఈసారీ రాకపోతే మళ్ళీ అడగను, పెద్ద దీవి వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు సూప్ పోసుకుంటూ ఇక్కడే ఉండిపోతా అని చెప్పేసింది. మాట మీద నిలబడే పిల్ల, వాళ్ళ నాన్న లాగా.

అంత ముఖ్యమైనది చివరి రోజు దాకా ఎందుకు ఉంచిందీ అంటే, ఉంచింది తను కాదు, సముద్రం. చలికాలమంతా మంచు కింద మైకు దింపి తిల్దా చప్పుళ్ళు పట్టింది. మంచు గట్టిపడే చప్పుడు, సాగే చప్పుడు, ఎలుగుబంటి గుర్రు పెట్టినట్టు మూలిగే చప్పుడు. విరిగే చప్పుడు ఒక్కటే మిగిలింది. అది మార్చి చివర్లో గానీ రాదు. ఆ రోజుల్ని మా దీవుల్లో మెన్‌ఫోరె అంటాం. మంచు మీద నడిస్తే దిగబడతావు, పడవ తోస్తే ఇరుక్కుంటావు. మంచు మీదా నీళ్ళ మీదా జారేది, స్టూరె నడిపే పంకా పడవ ఒక్కటే దిక్కు, అదీ గాలి, పొగమంచు లేకపోతేనే. ఆ పొద్దున ఆరున్నరకు దానిలోనే తిల్దా డ్యూటీకి వెళ్ళింది.

ఫైలు లేదని చూసేసరికే నేను ఒక పని చేసేశాను. మెన్‌ఫోరె రోజుల్లో మా దీవిలోని ఎనిమిది ఇళ్ళకూ కావలసిన సరుకుల జాబితా నేనే రాసి కొట్టుకు పంపుతాను. బంగాళదుంపలు, ఈస్టు, కాఫీ, బెరిట్ ముసలమ్మకు పిల్లి ఇసుక. ఆ జాబితా కొట్టి, ఎప్పటిలాగే ఉమ్మడి అరలో దాచి, పంపేశాను. ఆ తరవాతే తిల్దా ఫోల్డర్ తెరిచాను.

ఉమ్మడి అర అంటే ఏమిటో చెప్పాలి. మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే, దాని లోపల కాపురాలు రెండు. నాది విండోస్. తిల్దాది లినక్స్, శబ్దాల పనికి అదే కావాలంది. మీట నొక్కగానే ఎవరు కావాలీ అని అడుగుతుంది, ఒకరు లేస్తే రెండోవాళ్ళు ఉండరు. ఇద్దరూ వాడుకోవడానికి డిస్కులో ఒక భాగం విడిగా గీసి పెట్టింది. దానికి "ఉమ్మడి" అని పేరు. "మనమూ లిండ్రూస్ వాళ్ళూ ఒకటే పడవకొట్టు వాడుకోమా, అలాగన్నమాట," అని చెప్పింది. తొమ్మిదో తరగతి చదివి ఇరవై ఏళ్ళు చేపలు కోసిన నాకు అంతకంటే ఏం చెబుతుంది. పడవకొట్టు నాకు అర్థమైంది.

ఇంకొకటి కూడా చెప్పింది. "అమ్మా, నీ విండోస్‌లో 'త్వరగా మొదలవు' అని ఒక టిక్కు ఉంటుంది. అది తీసేశాను. మళ్ళీ పెట్టకు."

"పెడితే ఏమవుతుంది?"

"ఆఫ్ చేశాననుకుంటావు, అది ఆఫ్ అవదు. కళ్ళు మూసుకుని పడుకుంటుంది. కొట్లో ఎక్కడేముందో నిన్నటిదే గుర్తుపెట్టుకుంటుంది. ఈలోపు నేను అటునుంచి వచ్చి ఒక పెట్టె పెట్టాననుకో, పొద్దున్నే అది లేచి, చూడకుండా, ఆ చోటు ఖాళీ అనుకుని నా పెట్టె మీదే నీ వల పడేస్తుంది."

సరే అన్నాను. కానీ టిక్కు తీసేశాక పొద్దున్నే మీట నొక్కితే తెర ఎంతకీ వెలగదు. నల్లగా ఉంటుంది. ఒక నిమిషం పైనే. ఆ నిమిషంలో నేను చచ్చి బతికేదాన్ని. పోయింది, పిల్ల కష్టమంతా పోయింది, నా చేతిలోనే పోయింది అనుకుంటూ ఆ నల్ల తెరలో నా మొహమే చూసుకునేదాన్ని. ఫిబ్రవరిలో ఒక రోజు ఇక తట్టుకోలేక ఆ టిక్కు మళ్ళీ పెట్టేశాను. అప్పట్నుంచి తెర టక్కున వెలుగుతోంది. తిల్దాకు చెప్పలేదు. ఏమీ జరగలేదు కదా అనుకున్నాను. నెల దాటినా ఏమీ జరగలేదు.

మౌసు మీంచి చెయ్యి తీసేశాను.

"ఏంటి అలా కూర్చున్నావు, దెయ్యాన్ని చూసినట్టు?" అన్నాడు మా ఆయన హెల్గె. కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏడోది లేదు."

"ఏ ఏడోది?"

"తిల్దాది. పూర్తి అయింది. నిన్న ఉంది, ఇవాళ లేదు."

వచ్చి నా వెనక నిలబడి తెరకేసి చూశాడు. కంప్యూటర్ గురించి ఆయనకు నాకంటే తక్కువ తెలుసు, కానీ మొహంలో కనబడనివ్వడు. "ఆపి మళ్ళీ పెట్టు. మోటారుకైనా అదే మందు."

"వద్దు!"

"అరవకు. నేనేం ముట్టుకోలేదు."

"ఆపితే ఏమవుతుందో నీకు తెలుసా? నాకు తెలుసా? ఎవరికీ తెలీదు. దీన్ని ముట్టుకోకు. ఊపిరి కూడా ఇటు వదలకు."

"గున్వోర్, పొద్దున ఎనిమిదైంది, నీ తలకాయలో ఇల్లు అప్పుడే మూడుసార్లు తగలబడింది," అన్నాడు. అన్నాడే గానీ కప్పు తీసుకెళ్ళి కిటికీ దగ్గర, చాలా దూరంగా పెట్టాడు.

తిల్దాకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్లు బీరువాలో పెట్టించుకుంటారు వాళ్ళు. మళ్ళీ చేశాను. పన్నెండుసార్లు చేశాను. ఆఫీసు నంబరుకు చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి, "ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా?" అని అడిగింది. "ఒక ఫైలు..." అన్నాను. "విరామంలో చెబుతానండీ," అని పెట్టేసింది.

ఇక అక్కడే కూర్చున్నాను. కాసేపటికి తెర దానంతట అది మసకబారింది. మౌసు కదిపాను, వెలిగింది. మళ్ళీ నిద్రపోతే ఈసారి ఏం మరిచిపోతుందో! అప్పట్నుంచి రెండు నిమిషాలకొకసారి మౌసును ఒక అంగుళం ఇటు, ఒక అంగుళం అటు జరుపుతూ కూర్చున్నాను, జ్వరంతో ఉన్న పిల్లను కదిపి చూసుకున్నట్టు. ఏదీ నొక్కకూడదు. ఆపకూడదు. వదిలి లేవకూడదు. బయట చూస్తే పొగమంచు దిగుతోంది, మా రెండిళ్ళ పడవకొట్టు కనబడటం మానేసింది.

పదకొండు నలభైకి తిల్దా చేసింది.

"అమ్మా, స్టూరె రానంటున్నాడు. ముక్కు ముందు చెయ్యి కనబడట్లేదట. సాయంత్రమైనా డౌటే. నువ్వే పంపాలి."

"నేనా?"

"నువ్వే. ఇక్కడ ఫోన్లో నెట్ ఒక్క గీత కూడా నిలబడట్లేదు. కంగారు పడకు, నేను చెప్పినట్టు నొక్కుకుంటూ పోవడమే. లినక్స్ తెరువు..."

"తిల్దా, ఏడోది కనబడట్లేదమ్మా."

అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది. ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్ళిందో, తలుపు పడింది. "కనబడట్లేదంటే?"

"విండోస్‌లో చూశాను. ఆరే ఉన్నాయి."

"నువ్వేమైనా దాచావా అందులో పొద్దున్న?"

"సరుకుల జాబితా."

"అమ్మా, జాగ్రత్తగా విను. నీ దాంట్లో ఆ టిక్కు ఉందా? త్వరగా మొదలవు అని? దాన్ని బట్టే ఏం చెయ్యాలో ఉంటుంది."

ఆ మాటకు సమాధానం ఒక్క ముక్క. ఉంది. రెండు అక్షరాలు. నా నోరు తెరుచుకుని, "లేదు, నువ్వు తీసేశావుగా," అంది.

"సరే. అయితే పెద్ద విషయమేం కాదు, ఏదో చూపించడంలో తేడా. మామూలుగా షట్‌డౌన్ కొట్టు. తరవాత మీట నొక్కి లినక్స్ తెరువు. ఎలాగూ ఇరుక్కున్నాగా, వీళ్ళకు భోజనాలు పెట్టమన్నారు, ఒంటిగంటకు చేస్తా. ఉంటా!"

పెట్టేసింది. ఫోన్ మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయి ఉంటుంది.

షట్‌డౌన్ బొమ్మ మీదకు బాణం తీసుకెళ్ళాను. వేలు పెట్టాను. నొక్కలేదు. టిక్కు లేకపోతే షట్‌డౌన్ కొట్టమంది. టిక్కు ఉంటే? ఉంటే ఏం చెయ్యమనేదో అది చెప్పలేదు, నేను చెప్పనివ్వలేదు. నొక్కితే అంతా తుడిచిపెట్టుకుపోతుందేమో. నొక్కకపోతే టైము పోతుంది. గంటా ఇరవై నిమిషాలు నేను అలాగే ఉన్నాను. నా అబద్ధం తిల్దా నోట్లోంచి సలహాగా తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

హెల్గె ఉడకబెట్టిన దుంపలు, ఉప్పు చేప ఒక పళ్ళెంలో తెచ్చాడు. ముట్టలేదు. తనే ఒక కుర్చీ లాక్కుని కాసేపు మౌసు జరిపాడు.

"హెల్గె, ఆ టిక్కు ఉంది."

"ఏ టిక్కు?"

చెప్పాను. నల్ల తెర సంగతి, ఫిబ్రవరి సంగతి, ఇందాకటి అబద్ధం, అన్నీ. విని దుంప ఒకటి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు.

"చెప్పెయ్యి."

"చంపేస్తుంది."

"ఎలా చంపుతుంది? మధ్యలో అయిదు కిలోమీటర్ల కుళ్ళిన మంచు ఉంది. నీకింత మంచి అవకాశం మళ్ళీ రాదు."

నవ్వలేకపోయాను. "నేను కావాలనే చేశాననుకుంటుంది."

ఆయన మౌసు జరపడం ఆపేశాడు. "కావాలనే చేశావా?"

"నీకు మతి ఉందా?"

"అడిగానంతే. ఆ పిల్ల హెల్సింకీ వెళ్తే అక్కడ ట్రామ్ కింద పడుతుందని జనవరి నుంచి అంటున్నావు."

"ట్రామ్ కింద పడుతుందేమోనన్నాను. ఇది వేరు."

"వేరని నాకు తెలుసులే," అని మళ్ళీ మౌసు జరిపాడు. "దానికి చెప్పు."

ఒంటిగంట అయింది. పది నిమిషాలయింది. ఇరవై అయింది. ఫోన్ మోగేసరికి రెండు చేతులతో పట్టుకున్నాను.

"లినక్స్ తెరిచావా?"

"షట్‌డౌన్ కొట్టలేదు."

"ఏంటీ? గంటన్నర నుంచి ఏం చేస్తున్నావ్?"

"తిల్దా, టిక్కు ఉంది. నేనే పెట్టాను. ఫిబ్రవరిలో. ఇందాక అబద్ధం చెప్పాను."

సిగ్నల్ గీత పోయిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూశాను. ఉంది.

"ఎందుకు?" అంది చివరికి.

"తెర నల్లగా ఉండేది. నాకు భయమేసేది."

"తెర నల్లగా ఉందని! అమ్మా, ఎన్నిసార్లు చెప్పాను నీకు? పడవకొట్టు కథ కూడా చెప్పాను కదే! నాకు తెలుసు, నేను వెళ్ళకూడదు నీకు. అంతే. నేను ఈ రాతి ముక్క మీదే నీ కళ్ళ ముందు కూర్చోవాలి."

"నువ్వు వెళ్ళకూడదని ఉంది," అన్నాను. ఆ రోజు ఇక అబద్ధానికి నాలో ఓపిక మిగల్లేదు. "రాత్రి పడుకుంటే ఉంది, పొద్దున లేస్తే ఉంది. కానీ దానికోసం టిక్కు పెట్టలేదు. ఇంక తిట్టాలంటే తరవాత తిట్టు, ఒంటిగంటా ఇరవై అయిదైంది."

ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది, ముసలివాళ్ళతో మాట్లాడే గొంతులా. "షట్‌డౌన్ కొట్టకపోవడమే మంచిదైంది. కొడితే పోయే ముందు తన పాత లెక్కంతా మళ్ళీ రాసిపెట్టి పోతుంది. ఇప్పుడు అది ఇంకేమీ రాయకూడదు. అందుకని, అమ్మా, దాన్ని చంపాలి."

"అంటే?"

"పవర్ మీట మీద వేలు పెట్టి పది సెకన్లు తియ్యకు. ఆరిపోతుంది."

"అలా చెయ్యకూడదని పెట్టె మీదే రాసి ఉంటుందే! తడి చేత్తో ముట్టుకోకు, మీట పట్టుకుని ఆర్పకు..."

"ఇవాళ ఆర్పాలి. నొక్కు."

నేను హెల్గె కేసి చూశాను. ఆయన చేతులు జేబులో పెట్టుకున్నాడు. నేనే నొక్కాను. ఒకటి, రెండు, మూడు. లోపల ఏదో తిరుగుతూనే ఉంది. ఆరు, ఏడు. బతికున్న కోడి మెడ మీద చెయ్యి పెట్టినట్టుంది నాకు. తొమ్మిదో అంకె దగ్గర టప్పున తెర ఆరి, పంకా చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగింది. గది ఎంత నిశ్శబ్దమైందంటే హెల్గె మింగిన చప్పుడు వినబడింది.

"ఆరింది," అన్నాను.

"ఇప్పుడు పెట్టు. అడగగానే కింది బాణం ఒకసారి, ఎంటర్."

నల్ల తెర వచ్చింది. తెల్ల అక్షరాలు వరసలు వరసలుగా పరిగెత్తాయి. "ఏదో రాస్తోంది, తిల్దా, చాలా రాస్తోంది!" "రాయనీ." "ఎర్రగా కూడా ఒకటి వచ్చింది!" "అమ్మా, రాయనీ." తరవాత నేను ఎన్నడూ చూడని నీలం తెర ఒకటి వచ్చి నిలబడింది. ఉమ్మడి అర తెరవమంది. తెరిచాను. ఫోల్డర్ తెరవమంది.

"ఏడు," అన్నాను. "మంచు ఏడు పూర్తి. ఉంది."

అటు నుంచి ఏడుపు లాంటిది ఒకటి వచ్చి ఆగిపోయింది. "వెంటనే పంపకు. ముందు విను. నీ జాబితా ఎక్కడ పడిందో తెలియదు."

చెవులకు పెట్టుకునేవి పెట్టుకుని, ఫోన్‌ను ఒక చెవి పక్కన ఇరికించుకుని ఆడించాను. చలికాలమంతా పిల్ల ఏం చేస్తోందో నేను ఒక్కసారీ వినలేదు. మంచు మీదకు వెళ్ళిందీ అని మాత్రమే విన్నాను. మొదట తీగ తెగినట్టు సన్నటి మోత. చాలా దూరం నుంచి వచ్చి, మన కింద నుంచి పోయి, మళ్ళీ దూరమవుతుంది. ఆ తరవాత తడి దుప్పటి మెల్లగా చింపినట్టు. ఆ తరవాత ఎవరో పెద్ద మనిషి నిద్రలో పక్కకు తిరిగినట్టు. నేను పుట్టినప్పట్నుంచీ దాని పక్కనే ఉన్నాను, అది ఇలా ఉంటుందని నాకు తెలియదు.

రెండు నిమిషాల యాభై ఎనిమిది దగ్గర ఎవరో ఆడమనిషి అరిచింది. గొంతు చీరుకుపోయేలా. "తిల్దా! వెనక్కి రా! విరుగుతోందే, వచ్చెయ్యి!" ఆ మనిషెవరో ఒక్క క్షణం నాకు తెలియలేదు.

"ఇది నేను."

"నువ్వే. మొన్న సాయంత్రం ఒడ్డు మీంచి. పైన పెట్టిన మైకులో పడింది. చివర్లో ఏముందో చెప్పు."

వింటున్నాను. అరుపు అయ్యాక ఒక చిన్న విరుపు. ఆపైన, మూడు నిమిషాల తొమ్మిది దగ్గర, ఇసుక తిరగలిలో పోసినట్టు కర్రుమని ఒక రొద. దాంతో ఆగిపోయింది. ఇంకేమీ లేదు.

చెప్పాను. తిల్దా, "ఆ రొద నీ జాబితానే," అంది. "బంగాళదుంపలు, ఈస్టు. సరిగ్గా దాని మీద కూర్చుంది. మిగతా రెండున్నర నిమిషాలకూ దారి తెగిపోయింది."

"ఆ మిగతా దాంట్లో ఏముండేది?"

"నీ అరుపు సన్నగా అవుతూ అవుతూ నీళ్ళలో కలిసిపోయేది. మంచు నెమ్మదించేది. అదే దాని ముగింపు."

ఒంటిగంటా యాభై అయిదు. మళ్ళీ కట్టాలంటే ఒక రోజు పడుతుందట, అదీ తన చేతులతో. రొదను కోసేయాలి, కోసి పంపాలి, వేరే దారి లేదు. కోసేది నేను. ఎలా మొదలుపెట్టాలో, ఏ గీతను ఎక్కడికి లాగాలో చెబుతూ పోయింది. మధ్యలో రెండుసార్లు ఫోన్ కట్టయింది. ఒకసారి మొత్తం నల్లగా చేసేశాను. "వెనక్కి అన్న బాణం ఉంది చూడు, నొక్కు," అంది, గొంతు పెంచకుండా. గొంతు పెంచి ఉంటే నేను ఇంత భయపడేదాన్ని కాదు.

గీత మూడు నిమిషాల తొమ్మిది దగ్గర పెట్టి ఆగాను. నాకు ఆ అరుపు గుర్తొచ్చింది. హెల్సింకీలో చదువుకున్నవాళ్ళు నలుగురు బల్ల చుట్టూ కూర్చుని దాన్ని వింటారు.

"తిల్దా, ఇంకొంచెం ముందు కోస్తే? రెండు యాభై ఏడు దగ్గర? అరుపు రాకముందు?"

"మూడు నిమిషాలకు తక్కువుంటే తీసుకోరమ్మా."

"మూడు సెకన్లే కదా తక్కువ."

"మూడు సెకన్లైనా తీసుకోరు. మూడు నిమిషాల ఏడు దగ్గర కొయ్యి. రొద పోతుంది, నిడివి సరిపోతుంది."

"నేను పిచ్చిదానిలా అరిచాను అందులో."

"నాకు వేరే దారి లేదు," అంది తిల్దా. "నీకూ లేదు."

మూడు ఏడు దగ్గర కోశాను. ఉమ్మడిలో పెట్టకు, దాన్ని ఇక ముట్టుకోకు, బయట తెర మీదే పెట్టు అంటే అక్కడే పెట్టాను. తన మెయిల్లో ఉన్న లింకు తెరిచి, ఫైలు తగిలించి, పంపు అన్నది నొక్కాను. ఒక గీత నెమ్మదిగా నిండుతూ వచ్చింది. సగం దగ్గర ఆగింది. రెండూ నలభై. హెల్గె కిటికీ తెరిచాడు, సిగ్నల్ లోపలికి రావడానికేమో మరి. రెండూ నలభై నాలుగుకు కదిలింది. రెండూ నలభై తొమ్మిదికి ఆకుపచ్చ గడిలో ఒక వాక్యం వచ్చింది: మీ జోడింపు అందింది.

చదివి వినిపించాను. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివాను.

"అయితే వెళ్ళిపోయింది," అంది తిల్దా. గొంతులో సంతోషం లేదు, అలసట ఉంది. "వాళ్ళు విన్నప్పుడు, చివర్లో నువ్వుంటావు. అంతే."

"ఏమనుకుంటారు?"

"ఎవరో ఒకావిడ భయపడిందనుకుంటారు."

"నువ్వు వెనక్కి వచ్చావని తెలియదా వాళ్ళకి?"

"ఎలా తెలుస్తుంది? అక్కడితో ఆగిపోయిందిగా."

నా పక్కనుంచి హెల్గె, "వచ్చింది, వచ్చి రెండు పళ్ళాల సూప్ తాగింది అని కింద ఒక చీటీ రాసి పెట్టమను," అన్నాడు. తిల్దాకు వినబడింది. నవ్విందో ముక్కు చీదిందో తేల్చుకునేలోపు అటువైపు ఎవరో పిలిచారు.

"నేను నిన్ను ఇంకా తిట్టలేదు," అంది వెళ్తూ. "గుర్తుపెట్టుకో."

"వచ్చి తిట్టు," అన్నాను. "పొగమంచు తగ్గాకే బయల్దేరు. స్టూరె తొందరపెట్టినా వినకు, పడవలో మధ్యలో కూర్చో, అంచున కూర్చోకు, తిల్దా, వింటున్నావా?"

ఫోన్ ఎప్పుడో పెట్టేసింది.